ఎడమవైపు రవ్వ

సూరిబాబు మృదంగాన్ని పాత దుప్పటిలో చుట్టుకుని బొబ్బిలిలో గురువుగారింటికి వచ్చాడు. వాయించడానికి కాదు, తిరిగి ఇచ్చేయడానికి.

మొదటి కచేరీనాడు లింగమూర్తి మాస్టారు తన చేత్తో ఇచ్చిన మృదంగం అది. దాన్ని నమ్ముకునే సూరిబాబు బతికాడు, పిల్లల్ని చదివించుకున్నాడు. ఇప్పుడేమో ఎడమచెయ్యి దానంతటది వణుకుతోంది.

గుమ్మంలో అడుగు పెట్టాడో లేదో, లోపల్నుంచి పోపు వాసన. చిన్నతనమంతా ఒక్కసారి ముక్కులోకి వచ్చేసింది. అప్పట్లో పాఠానికి ముందు తడిపిన బొంబాయిరవ్వ ముద్దని మృదంగం ఎడమవైపు చర్మానికి అంటించేవాడు. అది లేనిదే గుమ్మనే నాదం రాదు మరి. వాయించడం అయ్యాక గీకేయడం, మర్నాడు మళ్ళీ కొత్త ముద్ద. రవ్వ కోసం వంటింటి ముందు నిలబడితే మాస్టారి భార్య, అమ్మగారు, వెనక్కి తిరక్కుండానే అడిగేవారు, "మద్దెలకా, మనిషికా?" అని. "మనిషికే" అంటే ఉప్మా దొరికేది. మన సూరిబాబు ఎప్పుడూ "రెండింటికీ" అనేవాడు.

"ఏవిట్రా, దుప్పటి కప్పి తెచ్చావు దాన్ని? జ్వరమా?" అన్నారు మాస్టారు.

"జబ్బు నాకండి. పార్కిన్సన్స్ అన్నారు."

"మందిచ్చారా?"

"ఇచ్చారండి. జేబులోనే ఉంది, వేసుకోలేదు. ఇది వణుకూ బిగుతూ తగ్గిస్తుంది గానీ, జబ్బు ముదరకుండా ఆపుతుందని మాత్రం చెప్పలేనన్నాడు డాక్టరు. ఆపలేని మందు ఎందుకండీ నాకు?"

మాస్టారు దుప్పటి విప్పి మృదంగం ముందుకి తోశారు. "ఇచ్చేముందు ఒకసారి వాయించు."

వాయించాడు. కుడివైపు ఖణీమని పలికింది. ఎడమవైపు రేకుడబ్బా మీద కొట్టినట్టుంది.

"ఏం తక్కువైందిరా?"

"రవ్వండి."

మాస్టారే లేచి వెళ్ళి తడిరవ్వ తెచ్చారు. వణికే చేత్తోనే సూరిబాబు ముద్ద చేసి అంటించాడు. మళ్ళీ వాయించాడు. లయ అక్కడక్కడా తడబడింది గానీ, గుమ్మంటూ ఇల్లంతా నిండింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది.

"బాగుందిరా. మరి చర్మం అరగడం ఆగినట్టేనా?"

సూరిబాబుకి నవ్వొచ్చింది. "రవ్వకి చర్మం అరగడం ఆగుతుందాండీ?"

"ఆగదా?" మాస్టారు ఎడమవైపు అంటిన ముద్దని వేలితో సర్దారు. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు పెట్టావురా?"

సూరిబాబు ఆ ముద్దకేసి చూసి, చెయ్యి దుప్పటికి తుడుచుకుని, జేబులోంచి మాత్రలు తీశాడు.

"అమ్మగారూ, కాసిని మంచినీళ్ళు."

"మద్దెలకా, మనిషికా?"

"మనిషికే, అమ్మగారూ."