కుండల్లో పాడిన కారు రేడియో

దేముడయ్య గారిదొక పద్ధతి. ప్రశ్నలో అడిగినవాడి గొప్ప వినిపిస్తే జవాబు చెప్పేవారు కాదు, ఎక్కడో జరిగింది చెప్పేవారు. ఎలమంచిలిలో బట్టలు కుట్టుకుంటూనే శిష్యులకు అచలతత్త్వం బోధించిన మనిషి ఆయన. మేం కుట్టుమిషను పక్కన చాప మీద కూర్చునేవాళ్ళం.

ఒకనాడు నూకరాజు అడిగాడు: "ఆడమనిషి అడిగిందల్లా తెచ్చిచ్చినవాడికి ధర్మం తీరినట్టే కదా, గురువుగారూ?" భార్య గదికి ఏసీ పెట్టించి వీధంతా చాటుకొచ్చినవాడు. అతనిది ప్రశ్న అడగడం కాదు, పూలదండకోసం మెడ వంచడం. ఆవిడ పుట్టింటికి పోయి తిరిగి రాలేదన్న సంగతి మాత్రం మింగేశాడు.

గురువుగారు సూదిలో దారం ఎక్కిస్తూ పోలినాయుడి సంగతి ఎత్తుకున్నారు.

పోలినాయుడు అద్దెకారు నడిపేవాడు. ఆదివారాలు మాత్రం భార్య పైడితల్లిని చోడవరంలో ఆమె అక్క ఇంటికి తీసుకెళ్ళేవాడు. దారి పొడుగునా రేడియో మోగుతూ ఉండేది. మధ్యలో ఆమె చెయ్యి చాచి మీట తిప్పి పాట తగ్గించేది. ఏదో చెప్పబోతోందని తెలిసి అతను "ఊఁ" అనేవాడు. చేతులు స్టీరింగు మీద, కళ్ళు రోడ్డు మీద. లేచి పోవడానికి లేదు గనక వినేవాడు. మగాడు వినడానికి అంత ఏర్పాటు కావాలి మరి.

కారు పాడై తుక్కుకి పోయే రోజున ఆమె ఆ రేడియో ఒక్కటి ఉంచమంది. అతను మురిసిపోయాడు. పన్నెండు వోల్టుల అడాప్టరు తెచ్చాడు, టేకుపెట్టె చేయించాడు, స్పీకర్లు రెండు మట్టికుండల మూతులకు బిగించాడు, ఏరియల్ తీగను బట్టల దండేనికి కట్టాడు. కారులో కంటే బాగా పాడింది. పిల్లలు ముట్టకుండా ముందుగదిలో అటక మీద పెట్టి, గట్టిగా మోగించి, తాను అరుగు మీద పేకాటకి కూర్చునేవాడు. పైడితల్లికి ఆ మీట అందదు.

ఆమె మొహంలో సంతోషం కనబడక కొన్నాళ్ళకి అతను విసుక్కున్నాడు. ఇంత చేసినా విశ్వాసం లేదన్నాడు. అప్పుడందిట: "పాటలకోసం అడిగాననుకున్నావేటి? దాన్ని తగ్గిస్తే నాకేసి సెవి పెట్టేవోడివి. అందుకడిగినాను."

పోలినాయుడు చెడ్డవాడు కాదు. ఆ పూటే రేడియోని కుండలతో సహా దింపి వంటింట్లో పొయ్యి పక్కన పెట్టాడు. పీట వాల్చుకుని కూర్చుని, తనే మీట తిప్పి పాట తగ్గించి, చెప్పమన్నాడు. ఆమె గరిటె పట్టుకుని నిజంగానే ఆలోచించింది, పంతానికి కాదు. పులుసు పొంగింది, దించింది, మళ్ళీ ఆలోచించింది. చెప్పాలనుకున్నవి ఎన్నో ఉండేవని, ఇప్పుడేవీ నోటికి రావడం లేదని చెప్పి, తప్పు తనదే అన్నట్టు తల దించుకుంది.

దేముడయ్య గారు గుడ్డ తిప్పి మళ్ళీ కుట్టు మొదలుపెట్టారు. నూకరాజు చాప పుల్లలు గిల్లాడు. గొంతు తగ్గించి, పైడితల్లి మళ్ళీ పోలినాయుడితో మాట్లాడనే లేదా అని అడిగాడు.

"ఎందుకు మాట్లాడదు నాయనా? రోజూ మాట్లాడుతుంది. పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడుగుతుంది."