గుండంలో వల

ఎవరైనా ప్రశ్న వేస్తే విరూపాక్షస్వామి జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. ఆయన ఆశ్రమంలో వంటచెరుకుకు ఏనాడూ లోటు రాకపోవడానికి శిష్యుల జిజ్ఞాసే కారణమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నవ్వుకునేవారు. అందరిలోకీ ఎక్కువ ప్రశ్నలు శితికంఠానివి. బాగా చదువుకున్నవాడు. వాదానికి దిగితే ఎదుటివాణ్ణి ఊపిరి తీసుకోనిచ్చేవాడు కాదు. వైశాఖమాసంలో ఒక ఉదయం, స్వామి చింతపండులో గింజలు తీస్తుండగా, అతడు ఎదురుగా కూర్చుని అడిగాడు.

“స్వామీ, మనిషికీ సత్యానికీ నడుమ అడ్డు నిలిచేది ఏమిటి?”

స్వామి తలెత్తలేదు. అప్పటికే జాలరిపేట నుంచి పైడమ్మ వచ్చి వాకిట్లో నిలబడి ఉంది. వెనకాల ఆమె మరిది కొర్లయ్య.

ఆశ్రమానికి దిగువన ఉన్న పెద్ద చెరువును నల్లసాగరం అంటారు. దాని నడుమ ఒక గుండం. ఎంత ఎండలు కాసినా ఆ గుండం అడుగు ఎవరికీ కనబడలేదు. అందులో ఊరికంటే ముసలిదైన వాలుగ చేప ఒకటి ఉందని చెప్పుకుంటారు. పేరు పెట్టి పిలవరు, ‘పెద్దది’ అంటారు. నీళ్లు తాగబోయిన దూడ మళ్లీ ఒడ్డెక్కలేదని ఒకరు, దాని వీపు మీద నాచు మొలిచిందని ఇంకొకరు. నేను చూశానన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. చూసినవాడి బావమరిది మాత్రం ఇంటికొకడున్నాడు. గుండం మీదుగా పోవలసివస్తే జాలర్లు మాటలు ఆపి, పడవ తోసే గెడను నీళ్లలోంచి పైకి తీసి, అరచేతులతోనే నీళ్లు తోసుకుంటూ దాటుతారు. అక్కడ వల వెయ్యరు.

పైడమ్మ మొగుడు సూరన్న కొన్నేళ్ల కిందట అటువైపు వెళ్లాడు. పడవ ఖాళీగా ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పెద్దది మింగేసిందని సగం పేట అంది. బరంపురంలో ఇంకొకావిడతో కనిపించాడని తక్కిన సగం అంది. శవం దొరకలేదు గనక కర్మ చెయ్యనివ్వలేదు. పేరంటానికి పైడమ్మను పిలవాలో మానాలో తెలియక ఆడవాళ్లు ఆమె గుమ్మం ముందు తల వంచుకుని నడిచిపోయేవారు. అలా బతకడం ఎంత నరకమో పాపం ఆమెకే తెలియాలి.

“సేప ఉంటే ఆడు సచ్చినట్టు. నేకపోతే నన్ను ఒగ్గేసి పోయినట్టు. రెంటిలో ఏదో ఒకటి నాకు తెలాల, సామీ,” అంది పైడమ్మ. “నీరు తగ్గింది. వల ఏస్తానని మా మరిది ఒప్పుకున్నాడు. రెండో తాడు పట్టడానికి పేటలో ఒక్కడూ రానంతన్నాడు.”

స్వామి అప్పుడు శితికంఠం వైపు చూశారు. “నీకు చేతులున్నాయి కదా నాయనా. వెళ్లు.”

శితికంఠం హుషారుగానే లేచాడు. లేనిదాన్ని లేదని తేల్చడం అతనికి ఇష్టమైన పని. దారి పొడుగునా భ్రాంతి ఎలా పుడుతుందో పైడమ్మకు విడమరిచి చెప్పాడు. ఆమె ప్రతిదానికీ “అలాగే బాబూ” అంది.

కొర్లయ్య పడవ మీద వెళ్లి, గుండం చుట్టూ వల దించి, రెండు తాళ్లూ ఒడ్డుకు తెచ్చాడు. ఒకటి తాను పట్టుకున్నాడు, ఒకటి శితికంఠానికి ఇచ్చాడు. పేటవాళ్లు దూరంగా గట్టు మీద నిలబడ్డారు. పైడమ్మ మోకాలి లోతు నీళ్లలోకి దిగి ఎదురు చూస్తోంది. మిట్టమధ్యాహ్నం. ఆకు కదలడం లేదు. నీటి మీద తేలే బెండ్ల వరుస కొద్దికొద్దిగా ఒడ్డువైపు వస్తూ వస్తూ ఆగింది.

“మొద్దేదో తగిలినట్టుంది,” అన్నాడు కొర్లయ్య మెల్లగా.

శితికంఠానికి ధైర్యం వచ్చింది. మొద్దే అయివుంటుంది. అంతలో చేతిలో తాడు వదులైంది. మళ్లీ బిగిసింది. మళ్లీ వదులైంది. నిద్రపోతున్న మనిషి పొట్ట మీద చెయ్యి వేసినట్టుంది. మొద్దు ఇలా చెయ్యదని అతనికి తెలుస్తూనే ఉంది. అతని వైపు బెండు ఒకటి చప్పుడు లేకుండా మునిగింది. దాని పక్కది మునిగింది. తరవాత ఇంకొకటి, ఇంకొకటి, గుండం దగ్గరనుంచి అతని వైపే వస్తూ.

“లాగండి బాబూ!” అని అరిచింది పైడమ్మ. “నాను సూత్తాను. ఏటున్నా సూత్తాను!”

ఇంకొక్క బార లాగితే అది పైకి వచ్చి తనను చూస్తుందనిపించింది శితికంఠానికి. తాను దాన్ని చూడటం కాదు, అది తనను. తాడు వదిలేశాడు.

బరువంతా కొర్లయ్య మీద పడి అతణ్ణి నడుము లోతు దాకా ఈడ్చుకుపోయింది. అతడూ వదలక తప్పలేదు. గాలి లేకపోయినా వల తనంతట తానే గుండం వైపు వెళ్లింది. మిగిలిన బెండ్లు కూడా మునిగిపోయాయి. కాసేపటికి చెరువు మునుపటిలాగే ఉంది.

“జారిపోయింది,” అన్నాడు శితికంఠం.

పైడమ్మ దగ్గరికి వచ్చి అతని రెండు చేతులూ తిప్పి చూసింది. కొర్లయ్య అరచేతులు తోలు లేచి రక్తం కారుతున్నాయి. ఇతనివి కందనైనా లేదు. ఆమె అతని ముఖంలోకి చూసింది.

“జారలేదు బాబూ. నువ్వే ఒగ్గేసినావు. ఏటో సూసినావు.”

‘ఏమీ చూడలేదమ్మా, భయమేసింది’ అనే మాట అతని గొంతు దాకా వచ్చింది. గట్టు మీద పేటంతా నిలబడి వింటోంది. పొద్దుటినుంచీ తాను చెప్పిన పాఠమంతా గుర్తొచ్చింది. ఆ మాట మింగేసి చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“అంతే. ఆడు నన్ను ఒగ్గీలేదు,” అంటూ పైడమ్మ నీళ్ల అంచున కూలబడి, ఒడ్డున ఉన్న రాయికేసి చేతులు కొట్టుకుంది. గాజులు పగిలాయి. ఆమె వెక్కివెక్కి ఏడుస్తోంది, ఆ ఏడుపులోనే ముఖం తేటపడుతోంది. అది చూడలేక శితికంఠం తల తిప్పుకున్నాడు.

సాయంత్రానికి పేట పెద్దలు అరటిగెల పట్టుకుని ఆశ్రమానికి వచ్చారు. శితికంఠం కాళ్లకు దండం పెట్టారు. “ఎంతుంటాది బాబూ అది? కళ్లు ఎలాగున్నాయి?” అని అడిగారు.

“నేనేమీ చూడలేదు,” అన్నాడతడు. “నిజంగా చూడలేదు. భయపడి తాడు వదిలేశాను.”

వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకుని తలలూపారు. అలాంటిదాన్ని చూసినవాడు మరి నోరెలా విప్పుతాడు? ఇంకోసారి దండం పెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ వెళ్లిపోయారు.

శితికంఠం స్వామి ముందు కూలబడ్డాడు. “నిజమే చెప్పాను స్వామీ. ఒక్కడూ నమ్మలేదు.”

“నిజమే చెప్పావులే నాయనా,” అన్నారు స్వామి. “గాజులు పగిలేదాకా ఆగావు, అంతే.”