తెరుచుకోని నీలిరంగు ఫోన్

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో ప్రతి పిట్టకూ ప్రతి జంతువుకూ ఒక ఫోన్ ఉండేది. ఎలా వచ్చాయని అడగకండి పిల్లలూ, ఇవాళ్టి పాఠం అది కాదు.

అక్కడ సింహాద్రి, పైడమ్మ అనే కొమ్ముముక్కు పిట్టల జంట ఉండేది. ఆ పిట్టలకు ఒక ఆచారం ఉంది. గుడ్లు పెట్టే ముందు ఆడపిట్ట చెట్టుతొర్రలో కూర్చుని, వాకిలిని లోపలినుంచి మట్టితో మెత్తేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. మూడు నెలలు మగపిట్టే పండ్లు తెచ్చి ఆ సందులోంచి అందించాలి. తేలేదా, లోపల తల్లీ పిల్లలూ పస్తే.

కబుర్లు చెప్పుకోవడానికి ఇద్దరూ కొత్త ఫోన్లు కొనుక్కోవాలనుకున్నారు.

పైడమ్మ వడ్రంగిపిట్ట దగ్గర కొన్నది. ఆ ఫోన్ లావుగా ఉంది. ఫొటోలు మసగ్గా వస్తాయని వడ్రంగిపిట్టే ముందుగా చెప్పాడు. తర్వాత వెనక నాలుగు మరలు విప్పి, లోపల ఏది ఏ పని చేస్తుందో చూపించాడు. బ్యాటరీ పోతే నీ ముక్కుతో నువ్వే మార్చుకోవచ్చు, పదేళ్లు వాడుకో అన్నాడు.

సింహాద్రికి నెమలి దుకాణంలోని నీలిరంగు ఫోన్ నచ్చింది. దానికి మర లేదు, అతుకు లేదు.

"ఇది తెరుచుకోదా?" అని అడిగాడు.

"తెరవాల్సిన పనేముంది బాబాయ్? మీ గూడు లాంటిదే ఇదీ. మూసి ఉంటేనే కదా క్షేమం," అంది నెమలి.

సింహాద్రికి ఆ మాట చాలా సబబుగా తోచింది. కొనేశాడు.

పైడమ్మ వాకిలి మెత్తుకుంది. గుడ్లు పెట్టింది. గుడ్లలోంచి రెండు పిల్లలు బయటికొచ్చాయి. అప్పటినుంచి ఇబ్బంది మొదలైంది.

మొదటి రోజు సింహాద్రి తన మేడిచెట్టుకు వెళ్తే కోతులు అప్పటికే దాన్ని ఖాళీ చేసేశాయి. రెండో రోజు జువ్విచెట్టుకు వెళ్తే అక్కడా అంతే. మూడో రోజు వాగు దాటి, ముందురోజు సాయంత్రం చూసిపెట్టుకున్న, ఎవరికీ తెలియని నేరేడుచెట్టుకు వెళ్లాడు. కోతులు మూతులు తుడుచుకుంటూ, "ఆలస్యమైందే మామా," అన్నాయి.

ఆ సాయంత్రం అతను సందులోంచి రెండు ఎండుకాయలు అందించాడు. లోపల పిల్లలకు అరిచే ఓపిక కూడా లేదు.

ఆ నేరేడుచెట్టు సంగతి ఎవరెవరికి తెలుసని పైడమ్మ అడిగింది. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదన్నాడు. నీ వెంట ఎవరైనా వచ్చారా అంది. ఎవరూ రాలేదు, ఫోన్ తప్ప, అన్నాడు.

పైడమ్మ సందులోంచి ఆ నీలిరంగు ఫోన్ వైపు చూసింది.

"అది మన గూడు లాంటిదే," అన్నాడు సింహాద్రి.

"ఏమయ్యా, ఈ గోడ నేను కట్టుకున్నది. కావాలనుకున్న రోజున నేనే పగలగొట్టుకుంటాను. నీ ఫోన్ గోడ ఎవరు కట్టారు?"

ఆమె సింహాద్రికి ఒక ఉపాయం చెప్పింది. ఆమె చెప్పినట్టే చేశాడు. తెల్లవారగానే ఫోన్‌ను దురదగొండి పొదలో పెట్టి, దూరంగా చెట్టెక్కి కూర్చున్నాడు. పొద్దెక్కేసరికి పద్దెనిమిది కోతులు వచ్చి పొదలో దూరాయి. ఆ తర్వాత చాలాసేపు ఏ కోతీ పండ్ల గురించి మాట్లాడలేదు.

సింహాద్రి నెమలి దగ్గరికి వెళ్లి, నా దారులన్నీ ఆ ఫోన్ చెప్పేస్తోందా అని అడిగాడు. మాకు మాత్రమే చెబుతుంది బాబాయ్ అంది నెమలి. కాసేపాగి, మాకు బాగా కావలసినవాళ్లకు కూడా అంది. ఎలాగూ వచ్చే ఏడు అది పనిచేయదు, కొత్తది తీసుకోమని సలహా ఇచ్చింది.

కోతులు వాగులో ఒళ్లు కడుక్కుంటుండగా సింహాద్రి కొండ అవతల ఇంకో మేడిచెట్టు మీద ఒక్కడే ఉన్నాడు. ఆ సాయంత్రం సందులోంచి ముప్పై పండ్లు అందించాడు. పైడమ్మ వాటిని పిల్లల నోళ్లలో పెట్టింది. పిల్లలు తింటుంటే మాట్లాడే అలవాటు ఆమెకు లేదు.

మర్నాడు అతను వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్లాడు. నాలుగు మరలూ తనే విప్పి, లోపలంతా చూసి, అప్పుడు ధర అడిగాడు.

నీతి: మూసి ఉన్నంత మాత్రాన ఏదీ భద్రం కాదు; దాన్ని తెరిచే వీలు మన చేతిలో ఉందో లేదో చూసుకుని, ఆ తర్వాతే నమ్మాలి.