ముల్లు లేవలేదు

తిరుపతమ్మకు ఒక్కటే బాధ. తన తర్వాత ఫ్లయింగ్ క్లబ్బులో చేరినవాళ్లు ముగ్గురు అప్పుడే ఒంటరిగా విమానం నడిపి దిగారు. మస్తాన్‌వలి గారు తనను మాత్రం వదలడం లేదు.

ఆయన చాలా ఏళ్లు పత్తి చేల మీద మందు చల్లే చిన్న విమానాలు నడిపి, వయసు మళ్లాక ఆ క్లబ్బులో పిల్లలకు నేర్పుతున్నాడు. మాట తక్కువ మనిషి.

ఆమెకు తెలియనిదంటూ లేదు. విమానంలో ఎదురుగా ఆరు గుండ్రటి మీటర్లుంటాయి. వేగం చెప్పేది, ఎత్తు చెప్పేది, ఎక్కుతున్నామో దిగుతున్నామో చెప్పేది, ముఖం ఏ దిక్కుకుందో చెప్పేది, ఎంత చురుగ్గా మలుపు తిరుగుతున్నామో చెప్పేది. పై వరస మధ్యలో సగం నీలం, సగం మట్టిరంగు ఉన్నది రెక్కలు ఎటు వాలాయో చూపిస్తుంది. నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలదు. రాతపరీక్షలో ఆమెదే మొదటి స్థానం.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"నాకేం తక్కువ సార్?"

"మీటర్లు చూడవమ్మా."

"చూడకపోయినా తెలుస్తుంది సార్. మా నాన్న లారీలో స్పీడు మీటరు ముల్లు చచ్చిపోయి పదేళ్లయింది. ఇంజను చప్పుడు విని ఎంతలో పోతున్నాడో చెప్పేస్తాడు. నాకూ ఆ చెవే వచ్చింది."

ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మెడ దానంతటదే నిటారుగా నిలిచింది.

మర్నాడు పొద్దున పైకి వెళ్లాక, మస్తాన్‌వలి గారు వేగం మీటరు మీద ఒక కాగితం ముక్క అంటించాడు.

"కళ్లు మూసుకో. ఇప్పుడెంత?"

ఆమె ఒక్క క్షణం విన్నది. "ఎనభై."

కాగితం తీశాడు. సరిగ్గా ఎనభై. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"మళ్లీ మూసుకో."

ఈసారి ఆయన విమానం ముక్కు మెల్లమెల్లగా పైకెత్తాడు. వేగం పడిపోతున్నా చప్పుడు మారకుండా ఇంజన్‌ను కొంచెం కొంచెంగా సర్దుతూ వచ్చాడు.

"ఇప్పుడు?"

"ఎనభయ్యే సార్."

రెక్క దగ్గర హెచ్చరిక బూర సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మీటరు మీద కాగితం లేదు. ముల్లు యాభైకి దిగి ఉంది. ఇంకాస్త తగ్గితే రెక్కలకు గాలి ఆసరా దొరకదు.

ఆయన ముక్కు దించి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అప్పటినుంచి రన్‌వే మీద పరుగు మొదలైన ప్రతిసారీ, వేగం ముల్లు సున్నా నుంచి కదలగానే ఆమె పైకే అనేది: "ముల్లు లేచింది." ఆయన అనమని చెప్పలేదు.

మూడు వారాలకు ఆయన అన్నాడు. "శుక్రవారం నువ్వొక్కదానివే."

శుక్రవారం తండ్రి కోటయ్య లారీనిండా బంధువుల్ని వేసుకుని వచ్చాడు. తల్లి, పిన్నులు, మేనమామ, వీధిలోవాళ్లు. మా ఇంటి పిల్ల విమానం నడుపుతుందంటే ఎవరూ ఇళ్లలో ఆగలేదు. తిరుపతమ్మ తెల్లారకముందే విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకుంది. కానీ అడ్డగాలి వీస్తుండడంతో రెండు గంటలు ఎదురుచూడాల్సి వచ్చింది. గాలి తగ్గగానే గబగబా ఎక్కేసింది. పక్క సీటు ఖాళీ. కంచె అవతల చేతులు ఊగుతున్నాయి.

ఇంజను పూర్తిగా తెరిచింది. విమానం పరుగందుకుంది. చప్పుడు చెవికి కమ్మగా ఉంది. అన్నాళ్లూ విన్న చప్పుడే.

ముల్లు సున్నా దగ్గరే ఉంది.

తక్కిన అయిదు మీటర్లూ సరిగానే ఉన్నాయి. చక్రాలు తేలికపడుతున్నాయి. ఇంకో మూడు క్షణాల్లో లేపెయ్యొచ్చు. కంచె దగ్గర తల్లి రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

తిరుపతమ్మ ఇంజను తగ్గించి బ్రేకు నొక్కింది. విమానం రన్‌వే చివరకంటా పోయి ఆగింది.

తిరిగి వచ్చి దిగేటప్పటికి అందరూ షెడ్డు ముందుకు చేరారు. ఆమె తల ఎత్తలేదు.

"ఎగరలేదేంటే?" అంది పిన్ని.

"ముల్లు లేవలేదు పిన్నీ."

మేనమామ పెదవి విరిచాడు. "ఇంత దూరం వచ్చింది ఇందుకా?"

మస్తాన్‌వలి గారు ఎవరివైపూ చూడకుండా విమానం రెక్క కిందికి వెళ్లాడు. వేగం కొలిచే గాలి దూరే సన్నగొట్టంలోకి తీగ పెట్టి కెలికాడు. తడిమట్టి రాలింది. ఆ రెండు గంటల్లోనే కుమ్మరి పురుగు గూడు కట్టుకుంది. ఆ మట్టిని అరచేతిలో వేసుకుని కోటయ్యకు చూపించాడు.

కోటయ్య మట్టిని చూశాడు. తర్వాత రన్‌వే మీద చక్రాల జాడ వంక చాలాసేపు చూశాడు.

"ఆ వేగంలో బ్రేకు పడితే బండి పక్కకు లాగేస్తది" అన్నాడు బావమరిదితో. "మధ్య గీత మీంచి అంగుళం జరగలేదు. చూశావా మా అమ్మాయి చెయ్యి?"

ఆ క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. మొదటిసారి ఒంటరిగా ఎగిరి దిగినవాళ్ల నెత్తిన గురువు బకెట్ నీళ్లు కుమ్మరిస్తాడు. ఆవేళ కుర్రాళ్లు నింపిపెట్టిన బకెట్ షెడ్డు గోడ వారన అలాగే ఉండిపోయింది. ఎవరో దాన్ని పారబోయబోతుంటే మస్తాన్‌వలి గారు వెళ్లి అందుకున్నాడు. మోసుకొచ్చి, తల వంచుకుని నిలబడ్డ తిరుపతమ్మ నెత్తిన మొత్తం కుమ్మరించాడు.

ఆమె ఊపిరి బిగబట్టి ఆయన వంక చూసింది. జడలోంచి నీళ్లు కారుతున్నాయి.

"సార్, తను ఎగరలేదు కదా" అన్నాడు ఒక శిష్యుడు.

"ఎగరడానికేముంది" అన్నాడాయన, ఖాళీ బకెట్ కింద పెడుతూ. "సాయంత్రం ఎగురుతుంది."