కాటన్న పేరు వెనకాల రెండు ఈకలు

గుండ్లవాగు అడవిలో కాగితం, కలం లేవు. ఎవరు ఎప్పుడు ఏం చేశారో గుర్తుపెట్టుకుని అడిగినప్పుడు చెప్పే పని రామచిలుక చిట్టెమ్మది. ఇప్పచెట్టు కొమ్మే ఆమె కచేరీ. ఆ కచేరీకి అధికారి నక్క తిరపతయ్య. ఆయన ఏది నేర్పితే చిట్టెమ్మ అది పలుకుతుంది. పొల్లు పోనివ్వదు, తనంతట తాను కలపదు. ఎందుకు, ఏమిటి అని అడగదు.

ఒకనాటి ఉదయం దున్నపోతు కాటన్న కుంటుకుంటూ ఆ చెట్టు కిందికి వచ్చాడు.

కాటన్న వయసులో ఉండగా అడవి సైన్యంలో పనిచేశాడు. వాగు అవతలి నుంచి రేచుకుక్కలు గుంపులు గుంపులుగా వచ్చిపడిన కాలం అది. అప్పటి సేనాని చిరుతపులి కాటన్న చేసిన పనులు చూసి మెచ్చుకుని, తన చేత్తోనే ఒక కొమ్ముకు ఎర్ర ఈక, ఇంకో కొమ్ముకు నెమలికన్ను కట్టాడు. అడవిలో అంతకుమించిన గౌరవం లేదు. కానీ కాటన్న దున్నపోతాయె! ఆ సంబరంలోనే వెళ్లి బురదలో పొర్లాడు. లేచి చూసుకుంటే ఈకలు రెండూ లేవు. "పోతే పోయాయిలే, చిట్టెమ్మ నోట్లో ఉంటాయిగా" అనుకుని ఊరుకున్నాడు. ఆ తర్వాత చిరుత చనిపోయాడు, కాటన్న ముసలివాడయ్యాడు.

ఇప్పుడు ఎండలు ముదురుతున్నాయి. కింది వాగు ఎండి ఇసక తేలింది. ఇక నీళ్లున్నది రెండే చోట్ల. ఒకటి కొండ అవతల, అంత దూరం నడవడానికి కాటన్న కాలు ఒప్పుకోదు. యుద్ధంలో కుక్కలు కరిచిన కాలది. రెండోది పక్కనే ఉన్న పైమడుగు. అందులోకి ఈకలు పొందిన పాత సిపాయిలనూ వాళ్ల ఇంటివాళ్లనూ తప్ప ఎవరినీ దిగనివ్వరు.

"నీకు రెండున్నాయి కదయ్యా, వెళ్లి అడగవేం?" అని భార్య పోలమ్మ పోరగా పోరగా ఇవాళ బయల్దేరాడు.

"చిట్టెమ్మా, నా పేరు వెనకాల ఏముందో ఒకసారి చెప్పు తల్లీ."

చిట్టెమ్మ గొంతు సవరించుకుంది. "కాటన్న. దున్నపోతు. సైన్యంలో చేరాడు. మేశాడు. తిరిగొచ్చాడు."

కాటన్న మిగతాది వస్తుందేమోనని చెవులు రిక్కించి నిలబడ్డాడు. చిట్టెమ్మ ముక్కుతో రెక్క దువ్వుకుంటోంది.

"అంతేనా?"

"అంతే."

"మేశానన్నది నిజమే అనుకో. మధ్యలో ఇంకేవో కూడా చేశానే!"

చెట్టు మొదట్లో పడుకున్న తిరపతయ్య ఒక కన్ను తెరిచాడు. "ఏంటి కాటన్నా, పొద్దున్నే గొడవ?"

"గొడవేం లేదు తిరపతయ్యగారూ. నాకు ఎర్ర ఈక, నెమలికన్ను ఇచ్చారు. అవి చిట్టెమ్మకి గుర్తున్నట్టు లేదు. కాస్త సరిచేయించండి."

"దానికేం భాగ్యం! ఈకలు పట్టుకురా, చూపించు, చేర్పించేస్తా."

"అవి బురదలో పోయాయి."

"పోయాయా? మరి ఇచ్చినాయన్ని పిలుచుకురా."

"ఆయన పోయాడు కదండీ."

"ఆయనా పోయాడా!" తిరపతయ్య నాలుక చప్పరించాడు. "పోనీ, కళ్లారా చూసినవాళ్లెవరైనా?"

కాటన్న ఆలోచనలో పడ్డాడు. "వాగు పొంగినప్పుడు ఒక దుప్పిపిల్లను ఒడ్డుకు చేర్చాను. ఆ పిల్ల భయంతో కళ్లు మూసుకునే ఉంది. సన్నదారికి అడ్డంగా నిలబడ్డప్పుడు నా వెనక ఎవరూ లేరు. ముందు ఉన్నది రేచుకుక్కలు. వాటిని పిలుచుకురమ్మంటారా?"

"వద్దు వద్దు!" తిరపతయ్య గబుక్కున లేచి కూర్చున్నాడు. తర్వాత కాటన్నను కొమ్ముల నుంచి తోక దాకా పరికించి చూశాడు. "అసలు ఇంకో చిక్కుంది. సైన్యంలో చేరిన కాటన్న కుర్రవాడు, నిటారుగా నడిచేవాడు. నువ్వు ముసలాడివి, కుంటుతున్నావు. నువ్వే ఆ కాటన్నవని నేనెలా నమ్మేది?"

"అప్పుడు కుర్రవాణ్ణే. తర్వాతే ముసలాణ్ణయ్యాను."

"అందరూ అదే చెప్తారు" అని తిరపతయ్య మళ్లీ పడుకున్నాడు.

కాటన్న ఇంటిదారి పట్టాడు. మనసులో ఒకటే తిరుగుతోంది. చిట్టెమ్మ అబద్ధం చెప్పదు, అది అడవంతా ఎరిగిన సంగతి. తిరపతయ్య అడిగినవాటిలోనూ తప్పు పట్టడానికి ఏమీ కనిపించలేదు. ఇద్దరూ సరిగ్గానే ఉంటే తేడా ఎక్కడుంది? తనలోనే ఉందా? దారి పొడుగునా అదే ఆలోచన. ఇంటికి పోయే మలుపు దాటి ముళ్లపొదల్లోకి నడిచాడు. పోలమ్మ వెతుక్కుంటూ వచ్చింది.

"ఏమయ్యా, ఏమన్నారు?"

"పోలమ్మా, నేను కాటన్ననేనా?"

"కాదు, మా నాన్నవి. ఏం అడుగుతున్నావో నీకన్నా తెలుస్తోందా?"

"సైన్యంలో మేసి తిరిగొచ్చానట. నాకేమో వాగు గుర్తుంది, కుక్కలు గుర్తున్నాయి. అదంతా కలగన్నానంటావా?"

పోలమ్మ దగ్గరికొచ్చి, అతని వెనకకాలి మీద మానిన గాయపు మచ్చను మూతితో తట్టింది. "కలలో కుక్క కరిస్తే ఇంత లోతుకు దిగుతుందా? నువ్వు మందబుద్ధివి కావచ్చు గానీ అబద్ధాలకోరువి కాదు. ఎల్లుండి పైమడుగు దగ్గర హాజరు పిలుస్తారట. కొత్త పెద్ద లింగయ్య దగ్గరుండి వింటాడట. అక్కడికి పద, నేనూ వస్తా."

లింగయ్య ఎలుగుబంటి. వేరే కొండ నుంచి ఈమధ్యే వచ్చి అడవి పెద్దరికం తీసుకున్నాడు. పాత సంగతులేవీ ఎరగడు. అంతకుముందు మడుగు హాజరంతా తిరపతయ్యే చూసుకునేవాడు. ఎవరెవరు దిగవచ్చో అతను చెప్పిందే మాట. లింగయ్య మాత్రం "ప్రతివాళ్లదీ నా ముందు చదవాల్సిందే, అధికారులది కూడా" అన్నాడు. తిరపతయ్య మొదట కాస్త తటపటాయించాడు. తర్వాత, కొత్తవాడికి ఏం తెలుస్తుందిలే అని ధైర్యం చెప్పుకున్నాడు.

హాజరు రోజు మడుగు గట్టంతా జనం. కుందేళ్లు, అడవిపందులు, కోతులు, మనుబోతులు ఎవరి చోట వాళ్లు నిలబడ్డారు. చిట్టెమ్మ ఒక్కొక్కరి పేరూ చదువుతోంది. కాటన్న వంతు వచ్చింది. "కాటన్న. దున్నపోతు. సైన్యంలో చేరాడు. మేశాడు. తిరిగొచ్చాడు." కోతులు పకపకా నవ్వాయి. కాటన్న తల దించుకున్నాడు.

ఆ తర్వాత తిరపతయ్య పేరు వచ్చింది.

"తిరపతయ్య. నక్క. సైన్యంలో చేరాడు. గుండ్లవాగు పొంగులో ఎదురీది, కొట్టుకుపోతున్న దుప్పిపిల్లను కొమ్ముల మధ్య పెట్టుకుని ఒడ్డుకు చేర్చాడు. ఎర్ర ఈక ఇచ్చారు. సన్నదారికి అడ్డంగా నిలబడి, తల వంచి, వచ్చిన కుక్కనల్లా కుమ్మి వెనక్కి పంపాడు. నెమలికన్ను ఇచ్చారు."

గట్టు మీదివాళ్లు చప్పట్లు కొట్టారు. తిరపతయ్య వినయంగా కళ్లు దించాడు.

కాటన్న మాత్రం కదలకుండా నిలబడిపోయాడు. ఆ నీళ్ల హోరు, నెత్తిమీద ఆ చిన్న ప్రాణం వణుకు, అన్నీ అతనికి తెలుసు. అయితే ఈ పని చేసింది తిరపతయ్యా? తనకు జరిగినట్టే అతనికీ జరిగిందా? లేక ఎవరో చెప్తుంటే విని, తనదే అనుకుని ఇన్నాళ్లూ మురిసిపోయాడా? ఎంత ఆలోచించినా తెగలేదు. ఇంతలో ఒక మాట అతని చెవిలో ముల్లులా గుచ్చుకుంది. వెంటనే అతనికి తిరపతయ్య మీద ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది.

నలుగురినీ తప్పించుకుంటూ కుంటుకుంటూ ముందుకొచ్చాడు.

"తిరపతయ్యగారూ, పాపం, మీ కొమ్ములు యుద్ధంలోనే పోయాయా?"

గట్టు మీదివాళ్లు ఒక్కొక్కరే తిరపతయ్య తలకేసి చూడడం మొదలుపెట్టారు. లింగయ్య కూడా చూశాడు.

తిరపతయ్య గబగబా లెక్క వేసుకున్నాడు. కొమ్ములు ఎప్పుడూ లేవంటే చదివిందంతా అబద్ధమవుతుంది. అందుకని ఒక నిట్టూర్పు విడిచాడు. "ఏం చెప్పను కాటన్నా. అవును, అక్కడే ఊడిపోయాయి."

"అయ్యో! రెండూనా? నొప్పి పెట్టి ఉంటుందే! నాకు కొస విరిగితేనే వారం మేత మానేశాను." కాటన్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "మొదళ్లయినా మిగిలాయా అయ్యా? ఓసారి చూడనీ."

అతను నిజంగానే దగ్గరికెళ్లి మూతితో తిరపతయ్య తల తడమబోయాడు. తిరపతయ్య వెనక్కి జరిగాడు. వెనక మడుగుంది, కాలు జారి నీళ్లలో పడ్డాడు. కోతులకు నవ్వాగలేదు. లింగయ్య మాత్రం నవ్వలేదు.

"చిట్టెమ్మా" అన్నాడు, "ఈ మాటలు నువ్వు నేర్చుకున్నప్పుడు ఏ పేరు వెనకాల ఉండేవి?"

"కాటన్న పేరు వెనకాల" అంది చిట్టెమ్మ తడుముకోకుండా. "సేనాని పోయాక తిరపతయ్యగారు అక్కణ్ణుంచి తీసి తన పేరు వెనకాల పెట్టమన్నారు. పెట్టాను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఎవరూ అడగలేదు. కాటన్న తన పేరు వెనకాల ఏముందనే అడిగాడు గానీ, ముందు ఏముండేదని అడగలేదు."

పోలమ్మ ఒక్కసారిగా రంకె వేసింది. "దొంగనా నక్కా! సైన్యంలో సామాన్ల మూటలు కాపలా కాసినవాడివి, నా మొగుడి కష్టం నెత్తిన పెట్టుకుని ఊరేగుతావా!"

తిరపతయ్య నీళ్లు కారుతూ గట్టెక్కాడు. "పొరపాటు జరిగింది పెద్దయ్యా. రెండు పేర్లూ పక్కపక్కన ఉంటాయి కదా, మాటలు అటుదిటు..."

"పొరపాటున వచ్చినవాటికి కొమ్ములు ఊడాయని ఒప్పుకున్నావా?" అన్నాడు లింగయ్య.

అప్పటికప్పుడే చిట్టెమ్మ చేత సరిచేయించారు. కాటన్న పేరు, వాగు, దుప్పిపిల్ల, సన్నదారి, రెండు ఈకలూ ఒక వరసలో వచ్చాయి. లింగయ్య కొత్త ఈకలు తెప్పించి కాటన్న కొమ్ములకు కట్టాడు. కాటన్న చెవులు ఆడిస్తూ అంతా విన్నాడు.

"అంటే తిరపతయ్యగారికి అసలు కొమ్ములే లేవా?" అన్నాడు చివరికి.

"లేవయ్యా, ఎప్పుడూ లేవు!" అంది పోలమ్మ.

"హమ్మయ్య. ఆయనకి నొప్పి పెట్టలేదన్నమాట" అంటూ కాటన్న మెల్లగా మడుగులోకి దిగాడు. చల్లటి నీళ్లు కుంటికాలికి తగలగానే కళ్లు మూసుకున్నాడు. పోలమ్మ పక్కనే దిగి, ఈకలు తడవకుండా అతని తలను తన వీపు మీద ఆనించుకుంది.

కచేరీలో తిరపతయ్య పని ఆరోజే పోయింది. లింగయ్య అతనికి వేరే శిక్షేమీ వేయలేదు. తిరపతయ్య నలుగురిలో తన నోటితో ఒప్పుకున్న మాటను మాత్రం లింగయ్యే చిట్టెమ్మకు నేర్పించాడు. ఇప్పటికీ హాజరు పిలిచిన ప్రతిసారీ ఆమె గొంతెత్తి చదువుతుంది: "తిరపతయ్య. నక్క. సైన్యంలో మూటలు కాశాడు. లేని కొమ్ములు పోగొట్టుకున్నాడు." అది వినబడగానే అతను తోక ముడుచుకుని పొదల్లో దూరతాడు.

ఇంకొకరి గొప్పను తన పేరున రాయించుకున్నవాడు, అది తన ఒంటికి అతకదని ఎప్పుడో ఒకప్పుడు నలుగురిలో బయటపడతాడు.