మందుకని కొన్న పావురం

బసవాచారి గారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు చేతికో పని తగిలేది. ఆయన గురువు కాకముందు మగ్గాలు చేసే వడ్రంగి. గురువయ్యాక కూడా మగ్గాలే చేసేవారు. మోక్షం సంగతి అడిగినవాడికి రంపం రెండో కొస దొరికేది. మాయ అంటే ఏమిటన్నవాడు పొద్దుగూకేదాకా చిత్రిక పట్టేవాడు. జవాబు వచ్చేదో రాదో గాని కర్ర మాత్రం నున్నబడేది. నేను ఆయన దగ్గరున్నన్నాళ్ళూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కొత్తగా వచ్చినవాళ్ళు దాన్ని నా జ్ఞానపరిపాకంగా భావించి నమస్కారాలు పెట్టేవారు. బడి ముఖం సరిగా చూడని నాకు అబ్బిన నాలుగు వేదాంతం ముక్కలూ పరుల ప్రశ్నల వల్ల అబ్బినవే. వాళ్ళు చెమటోడిస్తే నేను నీడలో కూర్చుని వినేవాణ్ణి.

విద్యాధరం నాలాంటివాడు కాదు. మందుల చదువు చదువుకున్నవాడు. కొత్త మందుల్ని కుందేళ్ళ మీద పరీక్షించే చోట ఉద్యోగం చేసి, ఒకనాడు ఆ కుందేళ్ళ కళ్ళల్లోకి చూసి, ఇక చెయ్యలేక మానేసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి అతనికి ఒకటే ప్రశ్న. ఒక ఉదయం అది పైకే అడిగేశాడు.

"ఒక ప్రాణం నిలబెట్టడానికి ఇంకో ప్రాణం తియ్యవచ్చా, గురువుగారూ?"

ఆయన అలవాటు చొప్పున చుట్టూ చూశారు. చేతికిచ్చే కర్ర కోసం కాబోలు అనుకున్నాం. ఇంతలో సాలెవీధి నుంచి ఆదెమ్మ వచ్చింది. గురువుగారి దగ్గర ఉపదేశం పొందిన మనిషి. ఆ తర్వాత ఇంట్లో కోడిని కొయ్యలేదు, తేలు కనబడినా చేటలో ఎత్తి బయట వేసేది. ఆవిడ భర్త కోటిలింగానికి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ చెయ్యీ మాటా మూడూ ఒకేసారి పడిపోయాయి. పెద్దాసుపత్రి వాళ్ళు చెయ్యగలిగింది చేసి, ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఇప్పుడు గంజి పోసినా పెదవి పక్కనుంచి కారిపోతోంది. పావురాన్ని కోసి ఆ వేడి నెత్తురు కాలికీ చేతికీ రాస్తే చలనం వస్తుందని వీధిలో అందరూ చెబుతున్నారట. చెయ్యవచ్చా, తప్పా అని అడగడానికి వచ్చింది.

గురువుగారు ఉలి పక్కన పెట్టారు. నీ మనసుకు ఏమనిపిస్తోందమ్మా అని అడిగారు. నాకు మనసెక్కడ మిగిలిందయ్యా అంది ఆవిడ. ఆయన విద్యాధరం వైపు తిరిగి, ఈవిడకు భర్త మంచం దగ్గర్నుంచి కదిలే వీలు లేదు, నువ్వెళ్ళి ఒక పావురాన్ని తెచ్చిపెట్టు అన్నారు. ప్రశ్నకు తగ్గ పనే పడిందని మాలో కొందరు నవ్వారు. కొందరంటే, ముందు నేనే.

బజారులో పావురాలు అమ్మే ఖాజావలి, పెంచుకోడానికా స్వామీ, మందుకా అని అడిగాడట. పెంచుకోడానికైతే కొత్త ఇంటికి అలవాటు పడేదాకా ఎగరకుండా రెక్కలు కట్టి ఇస్తాడు. మందుకైతే ఆ శ్రమెందుకు? విద్యాధరం బుట్టల వైపు చూస్తూ నిలబడ్డాడు. పక్క కొట్టులో ఉల్లిపాయలాయన అందుకుని, మఠంలో మీకే తిండి చాలదు, పావురాల్ని కూడా పెంచుతారా, మందుకే ఇవ్వవయ్యా అన్నాడు. ఖాజావలి రెక్కలు కట్టకుండానే సంచిలో పెట్టి ఇచ్చాడు.

సంచిని గుండెకు ఆనించుకుని నడుస్తుంటే లోపలి గుండె తన గుండెకు తగులుతూనే ఉందని విద్యాధరం తర్వాత మాతో చెప్పాడు. రైలు గేటు పడింది. ఆగాల్సి వచ్చింది. ఆగకుండా ఉంటే ఏమయ్యేదో గాని, ఆగినవాడికి ఆలోచన వస్తుంది. నెత్తురు రాస్తే పక్షవాతం పోదు. ఆ సంగతి అతనికి చదువు వల్ల తెలుసు. పోనప్పుడు ఇది ఎందుకు చావాలి? సంచి మూతి విప్పాడు. పావురం సిగ్నలు స్తంభం చుట్టూ ఒకసారి తిరిగి వెళ్ళిపోయింది.

ఆదెమ్మకు మాత్రం, చేతిలోంచి జారిపోయిందమ్మా, రేపు పొద్దున్నే ఇంకొకటి తెస్తాను అని చెప్పాడు. ఆవిడ అప్పటికే తలుపు చాటున కత్తి నూరి పెట్టుకుని ఉంది. సరే బాబూ అని దాని మీద ఒక గుడ్డ కప్పింది.

తిరిగి వచ్చినప్పుడు అతని ముఖం వెలిగిపోతోంది. నా ప్రశ్నకు జవాబు దొరికింది గురువుగారూ అని జరిగినదంతా చెప్పాడు. ఆయన అన్నం తినమన్నారు, అంతే. అది నిజంగా కరుణేనా, ఆడిన అబద్ధం మాటేమిటి అని మిగతా శిష్యులు వాదం వేసుకున్నారు. నేను ముమ్మాటికీ కరుణే అని తేల్చేశాను. అప్పటికే చారు చల్లారిపోతోంది.

తెల్లవారేసరికి కోటిలింగం పోయాడు.

గురువుగారు విద్యాధరాన్నీ నన్నూ వెళ్ళి రమ్మన్నారు. ఆదెమ్మ మగ్గం గుంట పక్కన గోడకు చేరగిలబడి ఉంది. పెద్దగా ఏడవడం లేదు. వచ్చిన ప్రతివాళ్ళకూ ఒకే మాట చెబుతోంది. గుమ్మం దాకా వచ్చిన పావురం ఎగిరిపోయిందనీ, దొరికుంటే మనిషి దక్కేవాడనీ. వింటున్నవాళ్ళు రాత అలా ఉందని తలలూపుతున్నారు. ఒక ముసలావిడ, మా అన్నకు పావురం నెత్తురుతోనే కాలు వచ్చిందని కూడా అంది. ఆ అన్న తర్వాత ఎన్నాళ్ళు బతికాడో ఎవరూ అడగలేదు.

విద్యాధరం ఉండబట్టలేక ఆవిడ ముందు కూర్చున్నాడు. అది జారిపోలేదమ్మా, నేనే వదిలేశాను అని చెప్పేశాడు. నెత్తురుకు ఆ గుణం లేదని, రాసినా ఆయన దక్కేవాడు కాదని, మీ వల్ల లోపమేమీ లేదని చాలా నెమ్మదిగా, చాలా వివరంగా చెప్పాడు. నిజం చెబితే ఆవిడ మనసు తేలికపడుతుందని అతని నమ్మకం. ఆవిడ అంతా విన్నది. కోపగించుకుంటుందేమోనని నేను గుమ్మం వైపు జరిగాను. ఆవిడ కోపగించుకోలేదు.

"పనిచెయ్యదని డాక్టర్లూ చెప్పారు బాబూ. రాసి, పనిచెయ్యలేదని ఏడ్చేదాన్ని. ఇప్పుడేమని ఏడవను?"

కొంతసేపు అక్కడే కూర్చున్నాం. ఆవిడ మళ్ళీ ఎవరో వస్తే, పావురం గుమ్మం దాకా వచ్చిందని మొదలుపెట్టింది.

తిరుగుదారిలో అతను బజారు వైపు మళ్ళాడు. పావురాలు వదిలిన చోటు నుంచి గూటికే చేరతాయని అతనికి అప్పుడు గుర్తొచ్చింది. అదన్నా బతికి ఉంటే ఒకసారి కళ్ళారా చూసుకోవాలని ఆశ. ఖాజావలి అతన్ని చూడగానే నవ్వాడు. మీకంటే అదే ముందు ఇంటికి చేరింది స్వామీ అన్నాడు. మీ సొత్తేనని వేరే బుట్టలో పెట్టి ఎదురుచూశాడట. నిన్న సాయంత్రం దాకా ఎవరూ రాలేదు. దీపాలు పెట్టే వేళకు ఎవరో మనిషి పరుగున వచ్చాడు, వాళ్ళ అమ్మకు చెయ్యి పడిపోయిందని. మిగతావన్నీ ఎగరడానికి వెళ్ళి ఇంకా దిగలేదు. చేతికి అందేది అదొక్కటే ఉంటే, అదే ఇచ్చేశాడట. కావాలంటే ఇప్పుడు ఇంకోటి పట్టుకెళ్ళండి, మీ బాకీ నా మీద ఉంచుకోను అన్నాడు.

విద్యాధరం ఏదీ పట్టుకోలేదు. దారిలో నేను ఏదో ఒకటి అందామని, ఆ తల్లికైనా నయమయిందేమో అన్నాను. అతను నా వైపు చూసిన చూపుకు నోరు మూసుకున్నాను.

గురువుగారు పందిట్లో ఒంటరిగా ఉన్నారు. విద్యాధరం జరిగినది దాచకుండా చెప్పాడు. చెప్పి, గొంతు పెంచకుండానే అడిగాడు. నెత్తురు పనిచెయ్యదని మీకూ తెలుసు. ఆవిడ అడిగినప్పుడే వద్దని ఎందుకనలేదు? పోనీ, చెయ్యమనైనా ఎందుకనలేదు?

ఆయన ముఖం నేను అలా ఎప్పుడూ చూడలేదు. ఆ ఒక్క రోజులో ముసలివారైపోయినట్టున్నారు.

"ఆవిడ తన బరువు తెచ్చి నా ముందు దింపింది. నేను మోయలేక నీ తలకెత్తాను. నువ్వు తీసుకుపోయి ఆ పావురం రెక్కల మీద పెట్టావు. అదెవరికిస్తుంది నాయనా?"