వాకిలి పట్టని గోలెం

అనగా అనగా... ఊఁ కొట్టు మరి. నువ్వు ఊఁ కొట్టకపోతే కథ అక్కడే కూర్చుంటుంది. ఆఁ, అట్టా.

అనగా అనగా, నీళ్ళకు కటకటలాడే ఒక ఊళ్ళో ఒక కుమ్మరి వీధి ఉండేది. ఆ వీధిలో గురవయ్య అనే కుమ్మరి, ఆయన పెళ్ళాం తిరపమ్మ, వాళ్ళ కూతురు అంకాలు ఉండేవాళ్ళు. అంకాలు నీకంటే కాస్త పెద్దది. మొండితనంలో మాత్రం నీతో సమానం.

ఆ వీధికి ఒక ఆనవాయితీ ఉంది. ఎండాకాలం వచ్చిందంటే బాట పక్కన పందిరి వేసి, ఇంటికొక కుండ పెట్టి, దారిన పోయేవాళ్ళకు మంచినీళ్ళు పోసేవాళ్ళు. పొద్దున్నే దూరపు బావి నుంచి మోసుకొచ్చి నింపి, ఎవరి పనికి వాళ్ళు పోయేవాళ్ళు. కుండలు చిన్నవి, దాహాలు పెద్దవి. మిట్టమధ్యాహ్నానికి అన్నీ ఖాళీ.

ఒకరోజు అంకాలు పందిరి కింద కూర్చుంది. అప్పుడు నెత్తిన మూటతో ఒక ముసలమ్మ వచ్చి దోసిలి పట్టింది. అంకాలు ఒక కుండ వంచింది, నీళ్ళు లేవు. ఇంకోటి వంచింది, లేవు. మూడోది బోర్లిస్తే నాలుగు చుక్కలు రాలాయి. ముసలమ్మ ఆ తడి మొహానికి రాసుకుని, "పర్లేదులే తల్లీ, చల్లగా ఉండు" అని దీవించి మరీ ఎండలోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ దీవెన అంకాలు గుండెలో ముల్లులా దిగబడింది.

ఆ తర్వాత ఇంటికెళ్ళి, "నాన్నా, వచ్చే ఎండలకి నేనొక గోలెం చేస్తాను. పొద్దుగూకేదాకా నీళ్ళు అయిపోనంత పెద్దది" అంది.

గోలెం అంటే తెలుసుగా, నీళ్ళు పోసుకునే పెద్ద మట్టి పాత్ర. గురవయ్య చేసే గోలేలు మోకాలి ఎత్తుండేవి. పిల్ల చెయ్యెత్తి చూపించిన ఎత్తు చూసి ఆయనకు ముందు నవ్వొచ్చింది, తర్వాత భయమేసింది.

"నేల విడిచి సాము చెయ్యకే. అంతది మా తాత కూడా చెయ్యలేదు. రేపు పగిలితే ఊరంతా నవ్వుద్ది."

"నవ్వితే నవ్వనీ నాన్నా."

అంది గానీ, దాని కాళ్ళు వణుకుతూనే ఉన్నాయి. ధైర్యం అంటే వణుకు లేకపోవడం అనుకున్నావా? వణుకుతూనే అడగడం కూడా ధైర్యమే. అప్పుడు తిరపమ్మ మొగుడి వైపు చూసి, "మన పని అయ్యాక మిగిలిన మట్టేగా, దానికిద్దాం" అంది. ఆయన సరేనన్నాడు.

పక్కింటి నాగులత్తకి ఈ సంగతి తెలిసింది. ఆమెకు తెలిస్తే దండోరా వేసినట్టే. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంట! గోలెం లేదు గానీ ఊరందరికీ నీళ్ళు పోస్తుందంట" అని చేతులు తిప్పింది. నాకు ఆమె తలపుకొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుద్ది.

సరే. అంకాలు మట్టి తొక్కింది, తాళ్ళలా పేనింది, వరస మీద వరస పేర్చుకుంటూ కొట్టం కింద గోలెం మొదలుపెట్టింది. దానికి తొందరెక్కువ. కింద వరస ఆరకముందే పైవరస పెట్టేది. అప్పుడు ఏమైంది? నడుం ఎత్తుకి వచ్చిందో లేదో, గోలెం నీరసంగా ఒక పక్కకి వాలి, చతికిలబడి కూర్చుంది.

అంకాలు కూడా పక్కనే చతికిలబడింది. తిరపమ్మ వచ్చి కొంగుతో దాని మొహం తుడిచి, "కాలిన మట్టి అయితే ఏడవాలి గానీ, పచ్చి మట్టికి ఏడుస్తావా? నానబెడితే మళ్ళీ మెత్తబడుద్ది. ఈసారి కింద వరసని గట్టిపడనీ" అంది.

ఆ తర్వాత అంకాలు మళ్ళీ నానబెట్టింది. మళ్ళీ తొక్కింది. ఈసారి ఓపిగ్గా, ఒక వరస గట్టిపడ్డాకే ఇంకో వరస పెట్టింది. గోలెం భుజం ఎత్తుకి వచ్చింది. ఆమె మురిసిపోయింది. ఇంతలో పొడిగాలి విసిరింది. కొట్టానికి గోడల్లేవు కదా, గాలి తగిలిన పక్క చరచరా ఆరిపోయింది, తగలని పక్క పచ్చిగానే ఉండిపోయింది. తెల్లారేసరికి పైనుంచి కిందికి పెద్ద పగులు.

వీధంతా వచ్చి చూసి పోయింది. నాగులత్తయితే చూసి, ఇంటికెళ్ళి, అన్నం తిని మళ్ళీ వచ్చి చూసింది. ఈసారి అంకాలు ఏడవలేదు. తనే కర్ర తీసుకుని పగలగొట్టి, మట్టి నానబెట్టింది.

మూడోసారి గాలి తగలకూడదని ఇంట్లోనే మొదలుపెట్టింది. వాళ్ళకున్నది ఒక్కటే గది. గోలెం పెరిగేకొద్దీ అమ్మా నాన్నల పక్కలు జరుగుతూ జరుగుతూ వాకిట్లోకి వచ్చేశాయి. గురవయ్య సణుక్కునేవాడు, దుప్పటి దులుపుకుని బయటే పడుకునేవాడు. అంకాలు తలుపు మూసి, తడి గోనెలు కట్టి, నీడలో నెమ్మదిగా ఆరబెట్టింది. గోలెం దాని తలకంటే ఎత్తయింది. చెయ్యి పెట్టి ఎక్కడ తడిమినా నున్నగా ఉంది. ఒక్క బీట లేదు.

ఇక బయటికి తెచ్చి ఆవంలో, అంటే కుండల బట్టీలో, కాల్చడమే తరువాయి. వీధిలో మగవాళ్ళందరినీ పిలిచారు. వాళ్ళు వచ్చారు, గోలేన్ని చూశారు, వాకిలిని చూశారు.

వాకిలేమో తల వంచితే గానీ లోపలికి పోలేనంత పొట్టిది. సన్నది. గాలి రాకుండా తలుపు మూయడం గుర్తుంది గానీ, ఆ తలుపులోంచి గోలెం బయటికి రావాలన్న సంగతి తల్లికీ తట్టలేదు, తండ్రికీ తట్టలేదు, పిల్లకీ తట్టలేదు! నవ్వు నవ్వు, ఆ రోజు వీధంతా నవ్వింది.

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. ఏడాది పనికి ఒక్క దుడ్డుకర్ర దెబ్బ చాలు. పగలగొట్టి పారెయ్యండి, ఇంట్లోకి పోయి పని చేసుకోవచ్చు" అంది నాగులత్త.

పచ్చి మట్టేగా, మళ్ళీ నానబెట్టుకోవచ్చు. కానీ ఉగాది ముంగిట్లోకి వచ్చేసింది. ఇంకోటి చేసి ఆరబెట్టేసరికి ఎండలు అయిపోతాయి. ఈ ఏడు కూడా దారిన పోయేవాళ్ళు ఖాళీ కుండలు చూసి పోవాల్సిందే. అంకాలు ఆ మాట తలుచుకుని, "పగలగొట్టు నాన్నా. వచ్చే ఏడు చేస్తాలే" అంది.

గురవయ్య గడ్డపార తెచ్చాడు. అంకాలు అమ్మ కడుపులో మొహం దాచుకుంది. ధన్‌మని ఒక దెబ్బ పడింది. ఇంకో దెబ్బ. ఇంకో దెబ్బ. పెళ్ళలు రాలిన చప్పుడైంది గానీ గోలెం పగిలిన చప్పుడు కాలేదు. మెల్లగా కళ్ళు తెరిచి చూసింది. గదిలోకి ఎండ పడుతోంది. నాన్న గోడ పడగొడుతున్నాడు.

"నాన్నా, ఇల్లు!"

"ఇల్లుదేముందే. నేను పెట్టిన గోడ, మళ్ళీ పెడతాను. ఈ గోలెం చెయ్యడం నావల్ల కాదు."

అప్పుడు నవ్వినవాళ్ళే తలో చెయ్యి వేశారు. ఒకరు మోకులు తెచ్చారు, ఒకరు వాసాలు తెచ్చారు, నాగులత్త తన గేదె కోసం దాచుకున్న గడ్డి తెచ్చి కింద పరిచింది. పసిపిల్లని ఉయ్యాల్లోంచి ఎత్తినట్టు ఎత్తి బయట పెట్టారు. ఉన్న ఆవం చాలదు కదా, గోలెం చుట్టూ పిడకలు, కంప, గడ్డి పేర్చి కొత్త ఆవం కట్టారు. కాలి, చల్లారాక అంకాలు వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది. తిరపమ్మ అక్కడే నేలకి దణ్ణం పెట్టుకుంది.

ఆ తర్వాత పందిరి కింద గోలెం నిలబెట్టారు. ఇంటికో బిందె చొప్పున వీధంతా నీళ్ళు పోసింది. పొద్దున జనం తాగారు, మధ్యాహ్నం తాగారు, పొద్దుగూకే వేళ తాగారు. నాగులత్త రెండుసార్లు తాగింది. అప్పుడు అంకాలు ఒక బండరాయెక్కి వంగి చూస్తే, గోలెంలో ఇంకా నీళ్ళున్నాయి.

ఆ నీళ్ళు ఒక చెంబుతో ముంచుకుని ఇంటికి పరిగెత్తింది. గురవయ్య గోడ పెడుతున్నాడు. చేతుల నిండా మట్టి. ఆయన చేతులు కడుక్కుని, బాటసారిలాగా దోసిలి పట్టాడు. అంకాలు పోసింది. ఆయన కడుపారా తాగాడు.

అప్పుడు అంకాలు గోడ వైపు చూసింది. నాన్న వదిలిన వాకిలి ఎంతుందనుకున్నావు? ఎడ్లబండి పట్టేంత! ఆ వీధిలో ఎవరింటికీ అంత వాకిలి లేదు.

"ఇంత పెద్దది ఎందుకు నాన్నా? కుక్కలన్నీ దూరతాయి."

"దూరనీ. రేపు నువ్వు ఇంకేం చేస్తావో, ఎంతది చేస్తావో నాకేం తెలుసు?" అన్నాడు గురవయ్య.

అంకాలు చెంబు కింద పెట్టింది. నాన్న చేతుల్ని పట్టుకుని కళ్ళకద్దుకుంది.

అంతే తల్లీ కథ. నువ్వు పెద్ద పెద్దవే అనుకో, భయపడుతూనే మొదలుపెట్టు. నీ కోసం గోడ పడగొట్టిన వాళ్ళని మాత్రం మర్చిపోకు. రోజూ పడుకునే ముందు ఒకసారి తలుచుకో. నేనూ తలుచుకుంటాను, నాకూ ఉన్నారు అట్టాంటి వాళ్ళు. నీకెవరున్నారో చెప్పు చూద్దాం... ఊఁ అనవేం? నిద్రొచ్చేసిందా?

గోలెం నిండా నీళ్ళు,
మా బంగారానికి నూరేళ్ళు.
కథేమో కంచి దారి పట్టె,
మా తల్లి కంటికి కునుకు పట్టె.